సంగిడి మేస్టారి ‘ఒగ్గు’

అరచేతిలో కాస్త పౌడరు చల్లి, వేళ్లన్నీ బల్ల మీద ఆనించి ముందుకీ వెనక్కీ జరపమంటుంది ఫిజియోథెరపీ అమ్మాయి హారిక. చెమటకి చెయ్యి బల్లకి అంటుకోకుండా ఆ పౌడరు. శ్రీకాకుళంలో ఆమె క్లినిక్కు మేడ మీద ఉంది. కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్లకి వైద్యం చేసే చోటు మేడ మీద ఎందుకు పెట్టారో ఆ ఇంటాయనకే తెలియాలి. మెట్లెక్కేసరికి సగం ఓపిక అయిపోతుంది. మిగిలిన సగం నా వంతు వచ్చేదాకా కుర్చీలో కూర్చోవడానికి సరిపోతుంది. చెయ్యి జరపడానికి ఇంకేం మిగలదు. అయినా జరుపుతాను. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి చచ్చుబడినప్పటినుంచీ నా పని ఇదే: జరపడం, పిండడం, మళ్లీ జరపడం. ముసలితనంలో తీరిక దొరుకుతుందంటారు గానీ, నాకు మాత్రం ఒక రబ్బరు బంతి దగ్గర ఉద్యోగం దొరికింది. సెలవు లేని ఉద్యోగం.

మొదటి రోజునే హారిక అడిగింది, “మీకు ఈ చెయ్యి దేనికి కావాలి తాతగారూ? అన్నం కలుపుకోడానికా, సంతకానికా?” సంతకానికి అన్నాను. అబద్ధం. సంతకంతో పడే పనులన్నీ నాకు ఎప్పుడో అయిపోయాయి. అసలు సంగతి మా ఇంటి ముందు కాలువ. దాని మీద ఒక చెక్క వేసి ఉంటుంది. మా ఆవిడ పైడితల్లికి మోకాళ్లు అరిగిపోయాయి. ఎన్నో ఏళ్లుగా ఆ చెక్క మీద ముందు నేను దాటి, కుడి చెయ్యి వెనక్కి ఇస్తే, అది పట్టుకుని ఆమె దాటేది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఒకరోజు అలవాటుకొద్దీ ఆ చెయ్యే ఇచ్చాను. ఎడమ చేతిలో కర్ర ఉంది మరి. ఆమె బరువు పడగానే నా వేళ్లు తడిసిన కాగితంలా విడిపోయాయి. ఆమె పడలేదు గానీ మోకాలు చెక్కకి కొట్టుకుంది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. అప్పటినుంచీ పక్కనున్న కరెంటు స్తంభం పట్టుకుని దాటుతోంది. యాభై ఏళ్ల కాపురం చేసిన మొగుడి కంటే స్తంభం మీద నమ్మకం ఎక్కువైంది. ఇది హారికకి ఎలా చెబుతాను?

ఒకరోజు బల్ల పని అయ్యాక ఆమె ఒక ఇనుప పిడి తెచ్చి ముందు పెట్టింది. ఎంత గట్టిగా పిండామో ముల్లు చూపించే పరికరం అది. పౌడరుతో పొడిబారిన అరచేతికి ఆ చల్లటి ఇనుము తగలగానే ఏమైందో ఏమో, రెండు చేతులతో ఎత్తి కళ్లకి అద్దుకున్నాను.

“అదేటి తాతగారూ, దానికి కూడా దండమేనా?”

“కొత్త వస్తువు కదమ్మా.”

“దండం పెట్టినా అది మార్కులెయ్యదు. పిండండి.”

పిండాను. ముల్లు కదిలిందని నేనంటాను, కదల్లేదని ఆమె అంటుంది. ఉక్రోషం వచ్చింది. “ఒకప్పుడు ఈ చేత్తో వంద కేజీల సంగిడి నెత్తి మీదకి ఎత్తినవాణ్ణి,” అన్నాను. ఆమె ముల్లుకేసి చూసి, “అయితే పక్షవాతం ఈ మిషనుకి వచ్చినట్టుంది,” అంది.

సంగిడి అంటే తెలియనివాళ్లకి చెబుతాను. పట్టుకోవడానికి చెయ్యి దూరేంత తొలిచిన రాయి. మా వైపు గ్రామదేవత పండగల్లో కుర్రాళ్లు దాన్ని ఎత్తే పోటీలు పడతారు. వంద కేజీలన్నది నిజమా అంటారా, కాస్త ఆగండి, అక్కడికే వస్తున్నాను. హారిక ఎగతాళికి నాకు కోపం రాలేదు. పొడి అరచెయ్యి, కళ్లకద్దుకున్న బరువు, ఈ రెండూ కలిసేసరికి ఎన్నో ఏళ్లుగా వినని ఒక గొంతు వినబడింది. “ఒరే సూరీ! ముందు ఎత్తు, తరవాత దండమెట్టు!”

ఆ గొంతు అసిరినాయుడు మేస్టారిది. విజయనగరం వైపు మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు మేస్టారు. ఊరంతటికీ సంగిడి మేస్టారు. ఆయన చెయ్యి కలిపితే ఎముకలు పటపటమని విరిగేవని చాలామందికి చెప్పాను. విరగలేదు. పైగా ఆయన చెయ్యి మెత్తగా ఉండేది, మనిషి కూడా నా భుజం దగ్గరికి వచ్చేవాడు. కొత్తగా చూసినవాళ్లు “మేస్టారు ఏరీ?” అని ఆయన్నే అడిగేవారు. ఆయన కూడా అటూ ఇటూ చూసి, “ఇప్పుడే ఇక్కడున్నాడే,” అనేవాడు.

నేను చదువు మానేసి పొలం పనుల్లో ఉన్న రోజులవి. సాయంత్రాలు కళ్లంలో మాచేత సంగిడీలు ఎత్తించేవాడు. అరచేతులకి బూడిద ఆయనే రాసేవాడు, చంటిపిల్లకి పౌడరు రాసినట్టు. కండలు చూపించుకునేవాడంటే ఆయనకి చులకన. “సెయ్యి కూలోడురా. బుర్ర మేస్త్రీ. మేస్త్రీ ఎంత ఎత్తమంటే కూలోడు అంతే ఎత్తతాడు. నువ్వు కూలోణ్ణి మేపుతున్నావు గానీ మేస్త్రీతో మాటాడ్డం లేదు,” అనేవాడు. రాయి ఎత్తించిన వెంటనే ఆయాసం తీరకుండానే అదే చేతిలో కోడిగుడ్డు పెట్టేవాడు. పగలకూడదు, జారకూడదు. “గుడ్డుకి గుడ్డంత, రాయికి రాయంత. దాని మీద కాసింత ఎక్కువ, జారకుండా. మరీ ఎక్కువ పిండినావంటే అది బలం కాదు, బయ్యం.” నా చేతిలో చాలా గుడ్లు పగిలాయి. మేస్టారి భార్య చివరికి గుడ్లు దాచేసి, “నీ శిష్యుడికి నిమ్మకాయలియ్యి, కనీసం పులిహోర కలుపుకుందుం,” అంది.

ఇంకొక మాట ఉండేది ఆయనకి. రాయి పైకి వెళ్లినప్పుడు చూస్తున్నవాళ్లు ఈలలు వేసేవారు. ఆయన అటు చూసేవాడు కాదు. దించేటప్పుడు చూసేవాడు. సరిగ్గా ఒక క్షణంలో “ఒగ్గు!” అని అరిచేవాడు. ఒగ్గు అంటే మా వైపు వదులు అని. అరిచినప్పుడు ఒగ్గకపోతే రాయితోపాటు మనిషీ కిందకి పోతాడు, భుజం ఊడుతుంది. “పట్టుకోడం పురిట్లో పిల్లకి కూడా వొస్తాది. ఎవుడు నేర్పినాడు దానికి? ఒగ్గడం నేర్చుకోవాల,” అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఇరవై ఏళ్లవాడికి ఒగ్గడం గురించి ఏం తెలుస్తుంది.

పండగ దగ్గర పడింది. ఒక సాయంత్రం కళ్లానికి వెళితే నడుమ కొత్త రాయి ఉంది. ఒళ్లంతా పసుపు, దాని మీద కుంకుమ బొట్లు, ముందు కొట్టిన కొబ్బరికాయ. “ఒడిసా నుంచి వచ్చినాది. పోటీలో పెట్టేది ఇదే. అక్కడ ఇద్దరి సేతులు ఇరగ్గొట్టినాదంట,” అన్నాడు మేస్టారు. బూడిద రాసుకున్నాను. వంగి రెండు చేతులతో రాయిని తాకి కళ్లకద్దుకున్నాను. మావాళ్లు ఎవరైనా అదే చేస్తారు. పసుపు రాసి బొట్టు పెట్టాక అది రాయి ఎలా అవుతుంది? తరవాత పట్టు చిక్కించుకుని లాగాను. గోరంత కూడా కదల్లేదు. మళ్లీ లాగాను. చెయ్యి చెక్కలా బిగుసుకుపోయింది గానీ రాయి నేలనే ఉంది.

మేస్టారు చెంబుతో నీళ్లు తెచ్చి రాయి మీద పోశాడు. పసుపు కారిపోయింది. అంచున ఒక పెచ్చు ఎగిరిన చోటు కనబడింది. అంతకుముందు వారం నేనే పడేసి ఎగరగొట్టిన పెచ్చు. అది నేను రోజూ ఎత్తే రాయే.

“ఏటిరా, పొద్దున్న ఎత్తినావు, సాయంత్రానికి బరువెక్కిపోయినాదా?”

నేను ఆ పెచ్చు ఎగిరిన చోటు వేలితో తడిమాను.

“నువ్వు దండమెట్టినప్పుడే మీ మేస్త్రీ సెప్పేసినాడు కూలోడికి, ఇది మన వల్ల కాదురా అని. మొక్కిన సేత్తో పిండలేవు సూరీ. ముందు ఎత్తు, తరవాత దండమెట్టు. దేవుడేటీ అనుకోడు.”

అప్పుడు నేను ఆ రాయిని ఒంటిచేత్తో అమాంతం లేపి గిరగిరా తిప్పానని సాలూరులో చాలా టీ కొట్ల దగ్గర చెప్పాను. జరిగిందేమంటే సిగ్గుతో ఇంటికి పోయి పడుకున్నాను. మర్నాడు పొద్దున్న రాయి మామూలుగానే లేచింది. ఇక పండగ పోటీలో వంద కేజీల రాయి ఉన్న మాట నిజం. నేను దాని పక్కన నిలబడిన మాట కూడా నిజం. నేను ఎత్తింది అంతకంటే బాగా చిన్నది, అది కూడా గుండెదాకా వచ్చి ఆగిపోయింది. అక్కడ పట్టుకుని వేలాడుతుంటే “ఒగ్గు!” అని మేస్టారి కేక వినబడింది. ఒగ్గాను. భుజం మిగిలింది. పాల్గొన్నవాళ్లందరికీ ఇచ్చిన తువ్వాలు నాకూ ఇచ్చారు. దాన్నే రెండో బహుమతి అని పెళ్లిచూపుల్లో పైడితల్లి వాళ్లకి చెప్పాం.

ఆయన నేర్పింది నాకు రాళ్లలో కాక స్టీరింగులో పనికొచ్చింది. సాలూరులో లారీ డ్రైవరునయ్యాను. ఒక వానాకాలం ఒడిశా నుంచి సరుకుతో ఘాట్ రోడ్డు దిగుతుంటే బ్రేకులు ఫెయిలయ్యాయి. అంటే, ఫెయిలవలేదు. అవుతాయేమో అనుకున్నాను, నాకు రెండూ ఒకటే అయ్యాయి. భయంతో స్టీరింగుని నలిపేస్తున్నాను. ఇప్పటిలా వేలితో తిరిగే స్టీరింగులు కావు అవి. కొద్ది మలుపులకే చేతులు తిమ్మిరెక్కి, ఎక్కడున్నాయో కూడా తెలియడం మానేశాయి. అప్పుడు మేస్టారి గుడ్డు గుర్తొచ్చింది. నిజంగానే నోటితో అన్నాను, గుడ్డు, గుడ్డు అని. వేళ్లు సడలాయి. రోడ్డు ఎటు లాగుతోందో అరచేతికి తెలిసింది. లాగినప్పుడు పట్టాను, లాగనప్పుడు ఒగ్గాను. కిందకి దిగాక లారీ ఆపి టైరుకి దండం పెట్టాను. దిగిన తరవాతే.

ఏళ్లు గడిచాయి. మేస్టారికి పక్షవాతం వచ్చిందని తెలిసి, లోడుతో అటు పోతూ వాళ్లింటి ముందు ఆగాను. మధ్యాహ్నపు ఎండ. అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుని ఒళ్లో ఉంది. వేలిగోళ్లు అరచేతిలో గుచ్చుకోకుండా కోడలు గుడ్డచుట్ట పెట్టింది. నన్ను చూసి మూతి ఒక పక్కకి నవ్వాడు.

“ఏరా తువ్వాలూ,” అన్నాడు. మాట ముద్దగా ఉంది గానీ మనిషి మారలేదు. “మేస్త్రీ పన్లోకి రావడం మానేసినాడురా.”

గుడ్డచుట్ట తీయించి, నా మణికట్టు ఇమ్మన్నాడు. ఆ వేళ్ల మధ్య పెట్టాను. బిగుసుకున్నాయి. నాకు సంతోషం వేసింది. “పట్టు ఉంది మేస్టారూ! ఎవరన్నారు పోయిందని?”

“పట్టు ఉన్నాది. ఒగ్గడం రావట్లేదు. సూడు,” అని, ఒగ్గడానికి ప్రయత్నించాడు. నుదుటి మీద నరం లేచింది. ఒగ్గాలనుకున్నకొద్దీ వేళ్లు ఇంకా బిగిశాయి. నేను రెండో చేత్తో విప్పబోయాను. “లాగకు. లాగితే ఇంకా పట్టేస్తాది. బుర్రకి తెలీదు కదా నువ్వు సూరిగాడివని.”

లారీ ఎండలో ఉంది. సరుకు సాయంత్రానికి దించాలి. నా చెయ్యి ఆయన చేతిలో ఉంది. ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాను. ఆయనకి నన్ను పట్టుకుని ఉండాలని లేదు, వదలడం చేతకాదు. అంతమందికి ‘ఒగ్గు’ అని అరిచిన మనిషి తన చేతికి ఆ మాట చెప్పలేక నాకేసి చూడలేదు, వీధికేసి చూశాడు. “ఏదో ఒకటి మాటాడరా,” అన్నాడు కాసేపటికి. కొత్తవలస దగ్గర రైలు గేటు పడితే ఎంతసేపు పడిగాపులు పడాలో చెప్పాను. టైర్ల ధర చెప్పాను. పైడితల్లి నాతో మాటలు మానేసిన సంగతి చెప్పాను. అది వినేసరికి ఆయనకి నవ్వొచ్చింది, నవ్వులోంచి ఆవులింత వచ్చింది, ఆ ఆవులింతలో వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి.

“సూసినావా,” అన్నాడు. “మనం సూడనప్పుడు ఒగ్గేసినాది.”

అప్పుడాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయని చెబుదామనుకున్నాను. తిరగలేదు. మజ్జిగ ఇమ్మని కోడల్ని కేకేశాడు. మజ్జిగ తాగి వెళ్లిపోయాను. మళ్లీ అటు వెళ్లేటప్పటికి ఆయన లేడు.

ఇదంతా హారికకి చెప్పాను, తువ్వాలు సంగతితో సహా. కాలువ సంగతి కూడా చెప్పేశాను. ఆమె నా చెయ్యి అందుకుని వేళ్లు ఒక్కొక్కటే చాపి చూసింది. “మీ మేస్టారు చెప్పింది నిజమే తాతగారూ. మీ కండకేటీ కాలేదు. ఎడమ పక్క మెదడు నుంచి కుడి చేతికి కబురెళ్లాలి. కబురు పంపే చోట రక్తం అందక కొంత ముక్క చచ్చిపోయింది. ఆ పాత మేస్త్రీ ఇంక రాడు. పక్కనున్నవాడికి పని నేర్పిస్తన్నాం. వాడికి ఈ పని కొత్త. అందుకే చేసిందే చెయ్యడం.”

“వాడు ఎప్పటికి నేర్చుకుంటాడమ్మా? నాకు విసుగొచ్చేసింది.”

“మీరు టీవీ చూస్తూ బంతి పిండితే ఎప్పటికీ నేర్చుకోడు. ఇంకోటి. పిండు అనేది ఒక కబురు, చాలు, వదులు అనేది ఇంకో కబురు. మీకు రెండోది ఆలస్యంగా వస్తాది. తిట్టుకోకుండా ఆగండి.” లేస్తూ మళ్లీ అంది, “బామ్మగారు చెయ్యి అందుకోకముందే పిండెయ్యకండి. బరువు రానివ్వండి.” గుడ్డు పాఠమే. పులిహోర ఒకటే తక్కువ.

మొన్న వాన కురిసి వెలిసింది. ఇద్దరం బయటికి బయలుదేరాం. నేను కర్ర ఊతంతో కాలువ దాటి వెనక్కి తిరిగాను. పైడితల్లి చెక్క దగ్గర ఆగిపోయింది. స్తంభం తడిసి ఉంది. తడిసిన కరెంటు స్తంభం ముట్టుకోవడానికి ఆమెకి భయం. స్తంభాన్ని చూసింది, నన్ను చూసింది. రెండింట్లో ఏది ఎక్కువ ప్రమాదమో బేరీజు వేస్తోందని తెలుస్తూనే ఉంది. కుడి చెయ్యి చాపాను. ఆమె చెయ్యి ఇంకా రాకముందే నా వేళ్లు భయంతో ముడుచుకోవడం మొదలెట్టాయి. గుడ్డు, అనుకున్నాను. ఊపిరి వదిలాను. వేళ్లు కొంచెం విచ్చుకున్నాయి.

“పడేస్తావేటి మావా?”

“పడేస్తే నేనూ పడతాను, రా.”

ఆమె చెయ్యి వచ్చింది. బరువు వచ్చింది. బరువొచ్చాక వేళ్లు మూసుకున్నాయి. ఉక్కుపిడికిలి అని చెప్పను. ఆమెకి సరిపడినంత, దాని మీద కాసింత. చెక్క కిర్రుమంది, ఆమె ఇవతలికి వచ్చేసింది. వచ్చి ముందు చీర అంచుకి బురద అంటిందేమో చూసుకుంది.

“ఇంక ఒగ్గీ. జనం సూస్తన్నారు.”

“రావట్లేదే. ఒగ్గమంటే ఒగ్గట్లేదు. లాగకు. ఏదో ఒకటి మాటాడు, అదే ఒగ్గుతాది.”

“ఓలమ్మో, నడివీధిలో ఏటి మాటాడను?” అంటూనే మొదలెట్టింది. పాలల్లో నీళ్లు కలుపుతున్నారంది. పొద్దుటి మాత్ర నేను వేసుకోలేదని తనకి తెలుసంది. మోటారు ఆపకుండా వచ్చేశామేమో అంది. ఆ రోజు మోకాలు కొట్టుకున్నప్పుడు ఎంత నొప్పెట్టిందో అప్పుడు చెప్పింది, మొదటిసారి. నేను వింటూ నిలబడ్డాను. కాళ్లు పీకుతున్నాయి, మళ్లీ వాన వచ్చేలా ఉంది.

వంద కేజీల రాయి సంగతి ఒప్పుకున్నాను, బ్రేకుల సంగతి ఒప్పుకున్నాను. ఇదొక్కటి కూడా ఒప్పుకుంటాను, పైడితల్లికి మాత్రం చెప్పకండి. ఆమె పాలల్లో నీళ్ల దగ్గర ఉన్నప్పుడే నా వేళ్లు ఒగ్గడానికి సిద్ధమైపోయాయి.